ఆనవాలు – పాస్‌వర్డు పుట్టుపూర్వోత్తరాలు

నిరుడు ఆషాఢమాసంలో ఒక రాత్రి పదకొండు దాటాక మా మనవడు వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. వాడు మా అమ్మాయి కొడుకు. పదహారేళ్ళవాడు. ఆ వేళప్పుడు వాడు నా దగ్గరికి వచ్చాడంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"తాతా, నా ఐడీ పోయింది" అన్నాడు.

బడిలో ఇచ్చిన గుర్తింపు కార్డు పారేసుకున్నాడు కాబోలు అనుకుని, "పోతే పోయిందిలేరా, ఇంకొకటి ఇస్తారు, పడుకో" అన్నాను. వాడు పడుకోలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. లేచి కూర్చుని అడిగితే సంగతి తెలిసింది. సెల్‌ఫోనులో వాడు ఐదేళ్ళుగా ఆడుతున్న తుపాకుల ఆట ఒకటుంది. అందులో వాడికొక పేరు, ఒక హోదా, సంపాదించుకున్న వేషాలు, ఆయుధాలు, కలిసి ఆడే జట్టు ఉన్నాయి. ఆ సాయంత్రం స్నేహితుడి పేరు మీద ఒక కబురు వచ్చింది. ఇక్కడ నొక్కితే కొత్త తుపాకి ఉచితం అని. నొక్కాడు. ఆట తాలూకు పేజీలాగే ఒక పేజీ తెరుచుకుంది. పేరూ పాస్‌వర్డూ అడిగింది. కొట్టాడు. గంటలోపల పాస్‌వర్డు మారిపోయింది, ఖాతాకు జోడించిన చిరునామా మారిపోయింది. ఐదేళ్ళు సేద్యం చేసిన పొలం గట్టు మీద పరాయివాడు నిలబడి నువ్వెవరని అడిగినట్టయింది వాడి పని.

అంతవరకే అయితే ఈ వ్యాసం రాసే పని నాకు ఉండేది కాదు. ఆటేగా, ఇంకొకటి ఆడుకో అని ఉందును. కానీ వాడు తల వంచుకుని ఇంకొక మాట చెప్పాడు. "నీ మెయిలుకు కూడా అదే పాస్‌వర్డు, తాతా."

2020లో అందరం ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాకు ఈ-మెయిలు పెట్టినవాడు వాడే. అప్పటికి పదకొండేళ్ళవాడు. నాకు గుర్తుండదు కాబట్టి తనకు గుర్తుండేలా తన ఆట పాస్‌వర్డే నాకూ పెట్టాడు. అందులో తప్పేమీ నాకప్పుడు తోచలేదు సరికదా, తెలివైన పిల్లవాడు అని మురిసిపోయాను.

ఆ మెయిల్లో ఏమున్నాయో చెప్పాలి. 1993 నుంచి ఐదారేళ్ళపాటు నేను హోసూరు చుట్టుపక్కల, డెంకణికోట, తళి, బాగలూరు దిక్కు పల్లెల్లో తిరిగి, మన ముసలమ్మలు రాగులు విసురుతూ పాడే తిరుగలి పాటలు క్యాసెట్ల మీద ఎక్కించాను. మొత్తం నలభై మూడు పాటలు. క్యాసెట్లకు బూజు పట్టింది. పట్టక ముందే మా అల్లుడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి నా మెయిలు ఖాతాలో దాచాడు. కంప్యూటరు చెడిపోయింది. మిగిలింది ఆ ఒక్క చోటే. పాడినవాళ్ళలో ఒక్కావిడ తప్ప ఇప్పుడెవరూ లేరు. ఆవిడకూ చెవులు వినపడవు. మన తిరుగళ్ళు మూలపడి ముప్ఫై ఏళ్ళయింది. ఆ గొంతులన్నీ ఒక చిన్నపిల్లవాడి ఆటకు వేసిన తాళంచెవితోనే భద్రమై ఉన్నాయన్న సంగతి ఆ రాత్రి తెలిసింది.

తర్వాతి కథ తర్వాత చెబుతాను. ఆ గొడవ తీరాక నాకొక కుతూహలం పుట్టింది. ఈ పాస్‌వర్డు అనేది ఎక్కడ పుట్టింది? ఎవరు కనిపెట్టారు? ఇంత గట్టిదనుకున్నది ఇంత బోలుగా ఎందుకుంది? చదివి తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటాను.

*

పాస్‌వర్డుకు మన భాషలో సంకేతపదం అని, రహస్యపదం అని రాస్తుంటారు. నాకు మాత్రం ఆనవాలు అన్న మాట దానికి దగ్గర చుట్టమనిపిస్తుంది. సంస్కృతంలో అభిజ్ఞానం. ఎదుటివాడు నిజంగా తాను చెప్పుకుంటున్నవాడేనా అని తేల్చే గుర్తు. ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు, మనిషికి మనిషి కనపడనంత దూరం ఏర్పడినప్పుడే పుట్టింది.

సుందరకాండను ఈ దృష్టితో ఒకసారి తలచుకోండి. అశోకవనంలో హనుమంతుడు ఎదురుపడగానే సీత నమ్మలేదు. మారువేషంలో వచ్చిన రావణుడేమో అని శంకించింది. రాముడి రూపలక్షణాలు చెప్పమని అడిగింది. చెప్పాక, ఉంగరం చూపించాక నమ్మింది. తిరుగు ప్రయాణంలో ఆమె కూడా రెండు ఆనవాళ్ళు ఇచ్చింది. ఒకటి చూడామణి, చేతిలో ఉండే వస్తువు. రెండోది కాకాసురుడి కథ. చిత్రకూటంలో తమ ఇద్దరి మధ్య జరిగిన, వేరెవరికీ తెలియని ముచ్చట. వస్తువును దొంగిలించవచ్చు, మాటను పొంచి వినవచ్చు. రెండూ ఒకేసారి దొంగచేతికి చిక్కడం కష్టం. నేటి నిపుణులు రెండంచెల రక్షణ అని చెప్పేది ఇదే.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. పర్ణశాల దగ్గర సన్యాసి వేషంలో వచ్చినవాణ్ణి సీత ఆనవాలు అడగలేదు. అశోకవనంలో వచ్చినవాణ్ణి అడిగింది. గుర్తు చూపించవలసింది లోపలికి వచ్చేవాడొక్కడే కాదు, పిలిచేవాడు కూడా. మా మనవణ్ణి ఆ పేజీ పాస్‌వర్డు అడిగింది గానీ, నీ ఆనవాలేమిటని వీడు ఆ పేజీని అడగలేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం మోసాలు అర్థమవుతాయి.

విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో నడిచేదంతా దొంగ ఆనవాలు కథే. మంత్రి రాక్షసుడి ముద్రటుంగరం అతని భార్య వేలినుంచి జారి చాణక్యుడి గూఢచారి కంటపడుతుంది. ఆ ముద్ర వేసిన దొంగ ఉత్తరంతో చాణక్యుడు మలయకేతుడికి రాక్షసుడి మీద నమ్మకం పోగొడతాడు. కత్తి దూసే పనే లేకపోయింది. ముద్ర ఎవరి చేతిలో ఉంటే ఆ మనిషి మాట వాళ్ళదే అన్నమాట.

ఇక మాటనే గుర్తుగా పెట్టుకునే పద్ధతిని చక్కగా వర్ణించినవాడు క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్. రోమను సైన్యంలో పొద్దుగూకే వేళకు ప్రతి వరుసలోనూ చివరి దళంనుంచి ఒక సైనికుడు అధికారి గుడారానికి వెళ్ళి, ఆ రాత్రి సంకేతపదం రాసిన చెక్కపలక తీసుకొచ్చేవాడు. అది సాక్షుల ముందు ఒక దళంనుంచి పక్క దళానికి చేతులు మారుతూ మళ్ళీ చీకటి పడకముందే అధికారి చేతికి చేరాలి. ఒక పలక రాలేదంటే, అది ఎక్కడ ఆగిందో పలకల మీద ఉన్న గుర్తులను బట్టి తెలిసిపోతుంది. ఈ ఏర్పాటులో రెండు మంచి గుణాలున్నాయి. మాట ఏ రోజుకారోజు మారేది. పోతే పోయినట్టు అదే రాత్రి తెలిసేది. ఈ రెండో గుణం మన పాస్‌వర్డులకు లేదు. పలక పోతే చేయి ఖాళీ అవుతుంది. పాస్‌వర్డు పోయినా మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది.

*

కంప్యూటరు పాస్‌వర్డు పుట్టిల్లు అమెరికాలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థ. 1961 నవంబరులో ఫెర్నాండో కార్బాటో అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో వాడుకునే ఏర్పాటును ప్రదర్శించి చూపాడు. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదినిండా ఉండే యంత్రం. ఉమ్మడి కుటుంబంలో బియ్యపు గాదె లాంటిది. ఎవరి వాటా వారికి, ఎవరి కాగితాలు వారికి విడివిడిగా ఉంచాలంటే మనిషికొక గుర్తుమాట ఇస్తే సరిపోతుందని కార్బాటో తలచాడు. అది దొంగలకోసం చేసిన తాళం కాదు. ఉమ్మడింట్లో తమ గదికి దగ్గరగా వేసుకునే తలుపు మాత్రమే.

ఆ తలుపు సంవత్సరం తిరక్కుండానే తెరుచుకుంది. 1962 వసంతంలో అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వంతు కంప్యూటరు సమయం చాలలేదు. ఏ దస్త్రాన్నయినా అచ్చు వేయించుకునే సదుపాయం ఒకటుందని గమనించి, శుక్రవారం రాత్రి పాస్‌వర్డుల దస్త్రం పేరు కార్డు మీద గుచ్చి ఇచ్చాడు. శనివారం పొద్దున వెళ్ళి అచ్చయిన జాబితా తెచ్చుకున్నాడు. ఇతరుల పేరు మీద లోపలికి పోయి తన లెక్కలు తాను చేసుకున్నాడు. ఈ సంగతి పాతికేళ్ళ దాకా బయటపెట్టలేదు. 1966లో అదే యంత్రం మీద ఇంకొక వింత జరిగింది. ఆనాటి ప్రకటనలు ఉండవలసిన దస్త్రం స్థానంలోకి పాస్‌వర్డుల దస్త్రం వచ్చి కూర్చుంది. లోపలికి వచ్చిన ప్రతివాడికీ అందరి పాస్‌వర్డులూ స్వాగతం పలికాయి.

రెండు సంఘటనలూ నేర్పిన పాఠం ఒకటే. గుర్తుమాటలను ఉన్నవి ఉన్నట్టు ఒకచోట రాసిపెడితే ఏదో ఒక రోజు అది బయటపడక మానదు. మరి రాయకుండా సరిచూసేదెట్లా? ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రోజర్ నీధామ్ ప్రభృతులు 1960ల్లోనే దీనికి ఉపాయం కనిపెట్టారు. పసుపుకొమ్మును దంచి పొడిచేస్తే ఆ పొడినుంచి మళ్ళీ కొమ్మును చేయలేం కదా. అలాగే పాస్‌వర్డును ఒక గణితపు రోట్లో వేసి దంచి, ఆ పొడిని మాత్రమే దాచాలి. మీరు మళ్ళీ వచ్చి మాట చెప్పినప్పుడు దాన్నీ అదే రోట్లో దంచి, పొడికీ పొడికీ సరిపోతే తలుపు తీయాలి. దొంగ వచ్చి ఎత్తుకుపోయినా వాడికి దొరికేది పొడే.

అయితే దొంగలు కూడా రోలు తెచ్చుకోగలరు. నిఘంటువులో ఉన్న మాటలన్నీ వరసగా దంచి చూస్తే, ఏ పొడికి ఏ పొడి కలిసినా మాట దొరికినట్టే. 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు ఈ ప్రయోగమే చేసి ప్రకటించారు. యూనిక్స్ యంత్రాలు వాడేవారినుంచి సేకరించిన 3,289 పాస్‌వర్డులు పరిశీలిస్తే, వాటిలో 2,831, అంటే నూటికి 86, తేలిగ్గా దొరికిపోయేవే. ఒకటే అక్షరం పెట్టుకున్న మహానుభావులు 15 మంది ఉన్నారు. దీనికి విరుగుడుగా వాళ్ళు ప్రతి పాస్‌వర్డులోనూ దంచేముందు వేరువేరు అక్షరాలు కొన్ని కలపడం మొదలుపెట్టారు. దాని పేరే ఉప్పు. ఇద్దరు ఒకే మాట పెట్టుకున్నా ఉప్పు వేరు కాబట్టి పొడి వేరవుతుంది. దొంగ ప్రతి ఇంటికీ విడివిడిగా దంచుకోవలసిందే.

తొమ్మిదేళ్ళు తిరిగాయి. 1988 నవంబరు 2న అమెరికాలో ఇంటర్నెట్టు మీద ఒక పురుగు వదిలారు. యంత్రంనుంచి యంత్రానికి పాకే కార్యక్రమం అది. పాకడానికి అది వాడిన ఉపాయాల్లో ఒకటి, 432 మామూలు మాటల పట్టీతో పాస్‌వర్డులు ఊహించడం. వేల యంత్రాలు స్తంభించిపోయాయి. వదిలిన విద్యార్థి ఎవరయ్యా అంటే, ఆ రాబర్ట్ మారిస్ గారి కుమారుడే. తండ్రి తాళానికి ఉప్పు వేశాడు, కొడుకు ఊరందరి తాళాలూ కదిలించి చూశాడు. పురాణాల్లో ఇలాంటి కథ ఉంటే కల్పన అనుకుంటాం.

*

అప్పటిదాకా ఇది పండితుల గొడవ. దాన్ని పిల్లల దాకా తెచ్చింది ఆటలూ, స్నేహాల మాటామంతీ జరిగే వేదికలూ.

2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికా సంస్థ దస్త్రాలు దొంగలపాలయ్యాయి. సామాజిక వేదికల మీద ఆటలూ అలంకారాలూ అందించే సంస్థ అది. 1966నాటి పాఠం దానికి అందలేదు. 3 కోట్ల 20 లక్షల మంది పాస్‌వర్డులను దంచకుండా కొమ్ములు కొమ్ములుగానే దాచింది. అన్నీ బయటపడ్డాయి. చూస్తే అందులో అందరికంటె ఎక్కువమంది పెట్టుకున్న మాట 123456. దాదాపు 2 లక్షల 90 వేల మంది రహస్యం అదే! ఆ జాబితా ఇప్పటికీ దొంగల పెద్దబాలశిక్ష. 2011 ఏప్రిల్‌లో సోనీ వారి ప్లేస్టేషన్ ఆటల వ్యవస్థలోకి దొంగలు చొరబడితే 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. మూడు వారాలకు పైగా ఆ వ్యవస్థను మూసిపెట్టవలసి వచ్చింది.

ఆట ఖాతాలో ఏముందని దొంగలు వస్తారు? నేనూ ఇదే అడిగాను. ఆటలో సంపాదించిన వేషాలనూ ఆయుధాలనూ నిజమైన డబ్బుకు కొనేవారున్నారు. స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ, నెలకు దాదాపు 77,000 ఖాతాలు దోపిడీ అవుతున్నాయని 2015 డిసెంబరులో తానే చెప్పుకుంది. పోగొట్టుకున్నవాళ్ళు అమాయకులు మాత్రమే కాదు, ఆటలో ఆరితేరినవాళ్ళూ ఉన్నారు. మరో మాట కూడా తెలుసుకోవాలి. చాలాసార్లు దొంగకు కావలసింది ఆట కాదు, ఆటలో వాడిన పాస్‌వర్డు. ఒకచోట దొరికిన చెవిని వంద తలుపులకు పెట్టి చూస్తాడు. మా ఇంట్లో జరిగింది అదే.

అయితే ఆటలవాళ్ళకు దక్కవలసిన మెప్పు కూడా దక్కాలి. 2008లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట నడిపే బ్లిజర్డ్ సంస్థ, తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న పరికరం ఒకటి ఆటగాళ్ళకు అమ్మింది. మీట నొక్కితే ఒక అంకెల వరుస చూపిస్తుంది. పాస్‌వర్డుతో పాటు అదీ చెబితేనే ప్రవేశం. కాకాసురుడి కథతో పాటు చూడామణి. మన దేశంలో ఇంటర్నెట్టులో కార్డుతో సొమ్ము చెల్లించేటప్పుడు రెండో పరీక్ష ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2009 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. ఫోనుకు వచ్చే అంకెలు మన ఇళ్ళలో అలా అలవాటైనవే.

పాస్‌వర్డు మరిచిపోయినవారిని గుర్తుపట్టడానికి పెట్టిన ప్రశ్నల సంగతి మరీ విడ్డూరం. మీ తల్లి పుట్టింటి పేరేమిటి, మీరు చదివిన బడి ఏది – ఇలాంటివి. 2008 సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ గారి మెయిలును ఒక విద్యార్థి ఇలాగే తెరిచాడు. పుట్టినతేదీ, ఊరి పిన్‌కోడు, భర్తను మొదట కలుసుకున్న చోటు – అన్నీ ఇంటర్నెట్టులో వెతికి పట్టుకున్నాడు. అందరికీ తెలిసిన సంగతి ఆనవాలు ఎలా అవుతుంది? కాకాసురుడి కథను సీత అందుకు ఎంచుకున్నది అది అప్పటికింకా ఎవరికీ తెలియదు గనుకే.

*

ఇక మా ఇంటి కథకు వస్తాను.

ఆ రాత్రి ముందు మెయిలు సంగతి చూశాం. పాస్‌వర్డు అప్పటికే మారిపోయింది. కానీ నా ఫోను నంబరు మాత్రం వాడింకా తీసెయ్యలేదు. మరిచిపోయాను అన్నచోట నొక్కితే ఫోనుకు అంకెలు వచ్చాయి. అవి కొట్టి, కొత్త పాస్‌వర్డు పెట్టి, మిగతా యంత్రాలన్నిటినుంచీ ఖాతాను మూయించాం. అంతటితో అయిపోయిందనుకున్నాను. వాడు వదల్లేదు. లోపలి ఏర్పాట్లన్నీ ఒక్కొక్కటే చూసి, నాకు వచ్చే ప్రతి ఉత్తరం నకలు ఎవరిదో చిరునామాకు పోయేలా పెట్టి ఉన్న ఏర్పాటు ఒకటి పట్టుకున్నాడు. తలుపు తాళం మార్చి, దొడ్డిగోడకు కన్నం అలాగే వదిలితే ఏం లాభం? దాన్నీ తీసేశాడు. తర్వాత పాటలు తెరిచాం. లెక్కపెట్టాం. నలభై మూడూ ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకు ఒక పాట పెట్టుకుని విన్నాను. గొంతు కంటె ముందు తిరుగలి చప్పుడు వినపడింది.

మెయిలు ముందు చూడడమే మంచిదయింది. ఎందుకంటే ఆట ఖాతా తిరిగి ఇవ్వడానికి ఆ సంస్థ అడిగిన ప్రశ్నలకు జవాబులు సగం అందులోనే దొరికాయి. ఖాతా ఎప్పుడు తెరిచావు, మొదట ఏ ఫోను మీద ఆడావు, మొదట ఏం కొన్నావు, రసీదు ఏది? 2021 సంక్రాంతికి నేనిచ్చిన డబ్బుతో వాడు కొనుక్కున్న ఒక వేషం తాలూకు రసీదు నా మెయిల్లో పడి ఉంది. నేను ఏ ఉత్తరమూ పారేయను. ఆ అలవాటును ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవారు, ఆ రోజునుంచి చేయడం మానేశారు.

ఆఖరున ఒక ప్రశ్న మిగిలింది. మీ తల్లి పుట్టింటి పేరు?

అంటే మా ఇంటిపేరు. పాఠకులకు తెలియనిది కాదు, తమిళనాట మన ఇంటిపేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ముందు నిలుస్తుంది. బడి పత్రాలలో, ఓటరు పట్టీలో, రేషను కార్డులో నా ఇంటిపేరు వెతికినా దొరకదు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు, శుభలేఖ వేసేటప్పుడు మాత్రం పెట్టెలోంచి పట్టుపంచె తీసినట్టు తీస్తాం. ప్రభుత్వానికి తెలియదు, ఊళ్ళో అందరికీ తెలుసు. గట్టి రహస్యం కాదు గానీ, పదకొండేళ్ళప్పుడు ఆ ప్రశ్న ఎదురైతే మా మనవడు తాత ఇంటిపేరు రాశాడన్న సంగతి నాకు సంతోషమే కలిగించింది.

చిక్కల్లా ఇంగ్లీషు అక్షరాలతో వచ్చింది. మా ఇంటిపేరులో ఒక దీర్ఘం ఉంది, ఒక త ఉంది, ఒక ఒత్తు ఉంది. దీర్ఘానికి ఒకే అక్షరం రాశాడా, రెండు రాశాడా? తకు టి ఒక్కటేనా, పక్కన హెచ్ చేర్చాడా? ఒత్తు ఉందా, లేదా? లెక్కవేస్తే ఎనిమిది విధాలయింది. రోజుకు మూడుసార్లు మాత్రమే ప్రయత్నించనిస్తారు. నేను ఆంధ్రదేశపు పుస్తకాలలో చూసే పద్ధతిలో హెచ్ లేకుండా చెప్పాను. మొదటిరోజు మూడూ తప్పు. రెండోరోజు రెండు తప్పు. అప్పుడు వాడు కాసేపు ఆలోచించి, "తాతా, నేను మా బడిలో రాసేటట్టే రాసుంటాను" అన్నాడు. ఇక్కడి బడిలో తకు హెచ్ చేర్చే రాస్తారు. ఆరోసారికి తలుపు తెరుచుకుంది. మన పేర్లను బరంపురంలో ఒక రకంగా, షోలాపురంలో ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా రాసుకుంటాం. ఒక పేరు సొంత ఇంటివాళ్ళకే ఆరోసారికి దొరకడం చూసి నవ్వాలో విచారించాలో తెలియలేదు. మొత్తం తొమ్మిదో రోజుకు ఖాతా వాడి చేతికి వచ్చింది. కొన్ని ఆయుధాలు పోయాయి. పేరు మిగిలింది.

*

ఇంత చదివాక, ఇంత పడ్డాక తేల్చుకున్నవి కొన్ని చెబుతాను.

ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, తరచుగా మార్చాలి అన్న నియమం మనందరినీ పీడించింది. అది 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే అధికారి రాసిన సలహా. అందువల్ల జనం మాట చివర ఒకటి, ఆశ్చర్యార్థకం తగిలించి ఊరుకున్నారే గానీ గట్టి మాటలు పెట్టుకోలేదు. పొరపాటు చేశానని 2017లో ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే ఆ సంస్థ సలహా మార్చింది. మాట వంకరగా ఉండడం కంటె పొడుగ్గా ఉండడం మేలు. బయటపడిందని తెలిస్తే తప్ప ఊరికే మార్చనక్కరలేదు.

పొడుగు మాట గుర్తుండేదెట్లా? 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 7,776 మాటల పట్టీ తయారుచేసి, పాచికలు వేసి పడ్డ అంకెలను బట్టి మాటలు ఎంచుకోమన్నాడు. నాలుగు మాటలు అలా ఎంచుకుంటే 36 కోట్ల కోట్లకు పైగా విధాలుంటాయి. ధర్మరాజును ముంచిన పాచికలు ఇక్కడ ఆదుకుంటాయి. పాచికలే ఎందుకంటే, మనిషి తనంతట తాను ఎంచుకుంటే దేవుడి పేరో పిల్లల పేరో తప్ప తోచదు. దొంగకూ అదే తోస్తుంది.

అన్నిటికంటె ముఖ్యం, ఏ తలుపుకు ఆ తాళం. ముందుగా మెయిలుకు. మిగతా ఖాతాలన్నీ మరిచిపోయాను అంటే దాని ముందుకే వస్తాయి గనుక అది ఇంటి సింహద్వారం. దానికి రెండంచెల రక్షణ పెట్టుకోవాలి. అప్పుడు ఇచ్చే అత్యవసర అంకెలు కాగితం మీద రాసి దస్తావేజుల దగ్గర దాచాలి. పుస్తకంలో రాసిపెట్టుకోవడం తప్పని ఇన్నాళ్ళూ భయపెట్టారు. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని పరదేశపు దొంగ చదవలేడు. పాస్‌వర్డును కంప్యూటరుకు తెచ్చిన కార్బాటో గారే, అది పీడకలగా తయారైందని 2014లో ఒప్పుకున్నారు. తానూ కాగితం మీద రాసి పెట్టుకున్నానని చెప్పారు. ఆయన 2019లో కాలం చేశారు. 2022నుంచి పెద్ద సంస్థలు పాస్‌కీ అనే కొత్త పద్ధతి తెస్తున్నాయి. అందులో రహస్యాన్ని అడిగిన చోటికి పంపనక్కరలేదు. అడిగిన చోటు అసలైనదా కాదా అని కూడా అదే చూసుకుంటుంది. ఉంగరం వేలినుంచి తీయకుండానే ముద్ర వేసినట్టు. అది అందరికీ అందేదాకా ఫోనుకు వచ్చే అంకెలు ఎవరికీ చెప్పకండి. సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడడం మన చట్టంలో 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్లలు సిగ్గుపడి దాచిపెట్టకుండా చెప్పుకునేలా ఉండడం మన పని. మావాడు ఆ రాత్రి చెప్పకుండా పడుకుని ఉంటే ఈ వ్యాసం ముగింపు వేరుగా ఉండేది.

నా కొత్త పాస్‌వర్డు కూడా వాడే పెట్టాడు. ఇంగ్లీషు పట్టీ నాకెందుకురా, మన పాటల్లోని మాటలు పెట్టు అన్నాను. ఒకే పాటలోనివి వద్దు తాతా, ఊహించేస్తారు అని వాడు నలభై మూడు పాటలూ కూర్చుని విన్నాడు. అర్థంకాని మాటలకు అర్థం అడిగాడు. నచ్చినవీ నచ్చనివీ కలిపి మూడు వేలకు పైగా మాటలు చీట్లుగా రాశాడు. వాడికి తెలుగు చదవడం అంతంతమాత్రం. మొదటి వందా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పదిసార్లు తడబడి, చివరికి నన్నడిగి తెలుగులోనే రాయడం మొదలుపెట్టాడు. రెండు వారాలు పట్టింది. చీట్లు కుండలో వేసి కలిపి ఐదు తీశాం.

పాటల నకళ్ళు ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి. మిగిలిన చీట్లు ఆ కుండలోనే ఉన్నాయి.